రోగి కోరిందీ గంజాయే

కాలిఫోర్నియా ఓటర్లు 1996లో ప్రొపొజిషన్ 215ను గెలిపించి గంజాయికి మందు హోదా ఇచ్చారు. ఆ చట్టంలో జబ్బుల జాబితా ఉంది. క్యాన్సర్, ఎయిడ్స్, గ్లకోమా, కీళ్లవాతం, మైగ్రెయిన్, దీర్ఘకాలిక నొప్పి. అసలు ముక్క చివర్లో వస్తుంది: గంజాయి ఉపశమనమిచ్చే మరే జబ్బయినా సరేనట. గంజాయి దేనికి పనిచేస్తుందయ్యా అంటే, గంజాయి పనిచేసేదానికి! రోగి కోరిందీ పాలే, వైద్యుడు చెప్పిందీ పాలే అన్న సామెతలో పాలవాడి ఊసు లేదు. ఇక్కడ కథంతా పాలవాడిదే. 2018లో ఓక్లహోమా ఆ జాబితా మొహమాటాన్ని కూడా వదిలేసింది. ఫలానా జబ్బు ఉండాలన్న షరతే లేదు. సుమారు 40 లక్షల జనాభా ఉన్న రాష్ట్రంలో 2,000కు పైగా దుకాణాలు వెలిశాయి. దాదాపు పదోవంతు జనం రోగులుగా కార్డులు తీసుకున్నారు. ఏ అంటువ్యాధీ అంత వేగంగా పాకలేదు.

ఈ బేరానికి కడుపునొప్పి అంత అనువైన బాధ మరొకటి లేదు. చెయ్యి విరిగితే ఎక్స్‌రే చెబుతుంది. లోపలి అవయవాల నొప్పి అలా కాదు. అక్కడి నుంచి వెన్నుపాముకు వెళ్లే నాడులు తక్కువ, పైగా అవి చర్మం నుంచి, కండరాల నుంచి వచ్చే నాడులతో కలిసిపోతాయి. అందుకే రోగి ‘ఇదిగో ఇక్కడ’ అని వేలు పెట్టి చూపలేడు. క్లోమం వాస్తే నొప్పి వీపులోకి పాకుతుంది. పేగుల్లో లోపమేదీ కనిపించకుండానే కడుపునొప్పి తెచ్చే ఐబీఎస్ ఉన్నవాళ్లకు స్కానింగులన్నీ నార్మలే. ఏళ్ల తరబడి ఆసుపత్రుల చుట్టూ తిరిగి, చివరికి ‘టెన్షన్ తగ్గించుకోండి’ అనిపించుకుని బయటికొచ్చిన మనిషి గంజాయి దుకాణం పచ్చ ప్లస్ గుర్తు బోర్డు చూసి ఆగాడంటే అతన్ని తప్పుపట్టడానికేం లేదు. వెక్కిరించాల్సింది కౌంటరు అవతలి మనిషిని.

ఆ మనిషి చెప్పే శాస్త్రమంతా బూటకం కూడా కాదు. గంజాయి పదార్థాలు పట్టుకునే గ్రాహకాలు పేగుల్లో నిజంగానే దండిగా ఉన్నాయి. గంజాయిలో మత్తునిచ్చే టీహెచ్‌సీ పేగుల కదలికను నెమ్మదింపజేస్తుంది. ఎలుకల్లో కడుపునొప్పి తగ్గిన దాఖలాలూ ఉన్నాయి. కథ అక్కడితో ఆపేస్తాడు. ఎలుక దాటి మనిషి దాకా రావడానికి ఓపిక చాలదు.

ఆ ఓపిక, గంజాయి కాఫీషాపులకు పేరుమోసిన నెదర్లాండ్స్‌లోనే కొందరికి ఉంది. ఆమ్‌స్టర్‌డామ్ పరిశోధకులు 10 మంది ఐబీఎస్ రోగులకూ 12 మంది ఆరోగ్యవంతులకూ టీహెచ్‌సీ ఇచ్చి, పురీషనాళంలో బెలూన్ పెట్టి ఉబ్బిస్తూ ఎక్కడ బాధ మొదలవుతుందో అడిగారు. మందు పడినా పడకపోయినా బాధలో తేడా లేదని 2011లో రాశారు. నైమేగన్‌లోని రాడ్‌బౌడ్ వైద్యకేంద్రం ఇంకా పెద్ద పని పెట్టుకుంది. క్లోమం వాపుతోనో, ఆపరేషన్ తర్వాతో కడుపునొప్పి వదలని 65 మందిని తీసుకుని కొందరికి టీహెచ్‌సీ మాత్ర, కొందరికి అచ్చం అలాగే కనిపించే ఉత్తుత్తి మాత్ర ఏడు వారాలు ఇచ్చింది. 2017లో ఫలితం వచ్చింది. టీహెచ్‌సీ వేసుకున్నవాళ్ల నొప్పి 40 శాతం తగ్గింది. (ప్రకటన రాసేవాడు ఇక్కడే పుస్తకం మూసేయాలి.) ఉత్తుత్తి మాత్రవాళ్లకు 37 శాతం తగ్గింది. పాయింట్లలో చూస్తే తగ్గుదల టీహెచ్‌సీకి 1.6, ఉత్తుత్తి మాత్రకు 1.9 (మొదట్లో వాళ్ల నొప్పే ఎక్కువ). ఈ లెక్కన పచ్చ బోర్డు పెట్టుకోవాల్సింది ఉత్తుత్తి మాత్ర.

మత్తు రాకుండా పేగు నొప్పి ఒక్కటే తగ్గిస్తుందని ఆశపెట్టిన ఒలోరినాబ్ అనే మందు కూడా ఐబీఎస్ రోగుల మీద ప్రధాన పరీక్ష గట్టెక్కలేదు. అది 2021 మాట.

దీనికి భక్తుల జవాబు సిద్ధంగానే ఉంటుంది. మాత్ర కాదు, మొక్క మొక్కంతా కావాలి. నూనె కాదు, పొగ కావాలి. సరే, పొగ కూడా చూశారు. ఇజ్రాయెల్‌లో పేగులు పుండుపడే క్రోన్స్ జబ్బున్న 21 మందితో చేసిన 2013 ప్రయోగంలో గంజాయి సిగరెట్లు తాగినవాళ్లు హాయిగా ఉందన్నారు. జబ్బు పూర్తిగా సద్దుమణగడంలో మాత్రం గణాంకాల ప్రకారం చెప్పుకోదగ్గ తేడా తేలలేదు. పేగు పుండు పుండుగానే ఉండి, మనిషికి బాగున్నట్టు అనిపించడం ఎంత ప్రమాదమో గ్యాస్ట్రో డాక్టర్లకు తెలుసు.

అసలు హాస్యం ఆస్ట్రేలియాలో మొదలైంది. అడిలైడ్ కొండప్రాంతంలో ఏళ్లుగా గంజాయి తాగుతున్న కొందరు ఆగని వాంతులతో, కడుపునొప్పితో ఆసుపత్రికి వస్తూ పోతూ ఉండేవారు. గంటల కొద్దీ వేడినీళ్ల స్నానం చేస్తే తప్ప వాళ్లకు ఊరట లేదు. 2004లో వైద్యులు తేల్చిన కారణం గంజాయే. కడుపునొప్పికి అమ్ముతున్న మొక్క కడుపునొప్పి తెస్తోంది! తెచ్చినప్పుడల్లా రోగి, కడుపుకు మంచిదని విన్నాడు గనక, ఇంకో దమ్ము లాగుతాడు. ఇంతకంటే నమ్మకమైన ఖాతాదారు ఏ వ్యాపారికి దొరుకుతాడు? అమెరికాలోని కొలరాడోలో గంజాయి నిబంధనలు సడలాక రెండు ఆసుపత్రుల ఎమర్జెన్సీల్లో ఇలాంటి వాంతుల కేసులు దాదాపు రెట్టింపయ్యాయి. గంజాయి మానడమే అసలు వైద్యం. తాత్కాలికంగా పొట్ట మీద రాసే క్రీములో ఉండేది మిరపకాయ ఘాటు. ఆ దినుసు కోసం గుంటూరు వాళ్లు కొలరాడో దాకా పోనక్కర్లేదు.

అదే కొలరాడోలో పరిశోధకులు 400 దుకాణాలకు ఫోన్ చేసి, గర్భిణులమని, వేవిళ్లతో బాధపడుతున్నామని చెప్పారు. 69 శాతం దుకాణాలు గంజాయి వాడమన్నాయి. ఈ ఫలితం 2018లో అచ్చయింది. డాక్టరును అడగమని చాలా దుకాణాలు చెప్పినా, ఆ మాట తమంతట తాము అన్నవి తక్కువే.

మన దగ్గర ఈ సరుకు ‘విజయ’ అన్న సంస్కృత నామంతో ఆన్‌లైన్‌లో నడుస్తోంది. 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం పూతనూ బంకనూ నిషేధించి, విడి ఆకును వదిలేసింది. దాంతో ఆకు నుంచి తీసిన నూనెకు ఆయుర్వేద లైసెన్సు, వీడియో కాల్‌లో వైద్యుడి సంప్రదింపు, ఇంటికే డెలివరీ. చింతపల్లి, గూడెంకొత్తవీధి కొండల్లో అదే మొక్క పూత 20 కిలోలు దాటి పట్టుబడితే కనీసం పదేళ్ల జైలు; 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర పోలీసులు ఏకంగా 2 లక్షల కిలోలు తగలబెట్టారు. ఆయుర్వేదం గ్రహణి అనే పేగుల జబ్బుకు వాడే జాతీఫలాది చూర్ణంలో భంగు ఉన్న మాట నిజమే. అయితే ఆ చూర్ణం ఐబీఎస్ మీదో క్లోమం వాపు మీదో ఉత్తుత్తి మాత్రను ఓడించిన పరీక్ష ఏదని అడిగితే చేతికొచ్చేది శ్లోకం. ఇక్కడే హైదరాబాద్‌లో క్లోమంలోని రాళ్లను షాక్ తరంగాలతో పిండిచేసి నొప్పి తగ్గించే ఆసుపత్రి ఉంది. ఎందరికి చేశారో, ఎందరికి తగ్గిందో లెక్క రాసి జర్నళ్లలో అచ్చువేయించారు కూడా. ఆ నూనె సీసా అమ్మేవాళ్లను అడుగుతున్నదీ అలాంటి లెక్కే.