ఎడమ కింది గీత

మా స్కూటరు మీటరులో ఆరు అనే అంకె చచ్చిపోయి రెండేళ్లయింది.

డిజిటల్ మీటరులో ప్రతి అంకెకూ పెట్టుబడి ఏడు గీతలే. పైన ఒకటి, నడుమ ఒకటి, కింద ఒకటి, అటూ ఇటూ రెండేసి. ఏడూ కనిపిస్తే ఎనిమిది, కుడివైపు రెండే కనిపిస్తే ఒకటి. మా దాంట్లో స్పీడు చూపించేచోట, పదుల స్థానంలో, ఎడమ కింది గీత మాయమైంది. ఆ గీతతో పనిపడే అంకెలు నాలుగే: సున్నా, రెండు, ఆరు, ఎనిమిది. పదుల స్థానంలో సున్నా ఎలాగూ రాదు. రెండు కాస్త కుంటింది గానీ పోల్చుకోవచ్చు. ఎనభై మా స్కూటరు పుట్టి బుద్ధెరిగి చూడలేదు. చిక్కల్లా ఆరుతోనే. ఎడమ కింది గీత పోతే ఆరు అచ్చంగా ఐదు.

అంచేత మా బండి యాభై తొమ్మిది దాకా బుద్ధిగా వెళ్లి, ఆ పైన మళ్లీ యాభై దగ్గర మొదలయ్యేది. నాకప్పుడు యాభై తొమ్మిదో ఏడు నడుస్తోంది. ఆఫీసులో హెచ్ఆర్ వాళ్లు నా పుట్టినతేదీ కేసి అదోరకంగా చూస్తున్న రోజులు. మనిషికి కూడా ఎక్కడో ఓ గీత ఊడిపోయే సౌకర్యం ఉంటే ఎంత బాగుండునని ట్రాఫిక్ సిగ్నళ్ల దగ్గర చాలాసార్లు అనుకున్నాను.

ఇంకో లాభం కూడా ఉంది. మా ఆవిడ వెనక కూర్చుని నా భుజం మీదుగా మీటరు చూస్తుంటుంది. "యాభై అయిదు దాటకండి" అన్నది ఆవిడ శాసనం. నేను అరవై రెండులో పోతుంటే మీటరు యాభై రెండు అనేది. నోరు విప్పి నేను అబద్ధం చెప్పలేదు, మీటరు చెబుతుంటే అడ్డురాలేదు, అంతే. ధర్మరాజంతటివాడు కుంజరః అని గొణిగాడు. నేను అది కూడా గొణగలేదు.

ఈ ఏర్పాటు ఇలాగే సాగేది. నేను రిటైరయ్యాను, బండి ఎండకెక్కింది. మా అపార్టుమెంటులో నీడపట్టున కార్లుంటాయి, స్కూటర్లు గేటు పక్కన హైదరాబాదు ఎండలో పెరుగుతాయి. ఈ మే నెలలో మీటరు అద్దం కింద ముందు పసుపు మచ్చ వచ్చింది, తర్వాత బుడగలు లేచాయి, చివరికి మాడిన దోసె రంగుకు తిరిగింది. ఇక యాభై లేదు, అరవై లేదు, పెట్రోలు గీతలూ లేవు.

షోరూముకు తీసుకెళ్లాను. అక్కడి కుర్రాడు మీటరును ముట్టుకోకుండానే "సెట్టు మొత్తం మార్చాలి సార్" అన్నాడు. ఎంతవుతుందంటే చెప్పాడు. ఆ డబ్బుతో నేను మొదట కొన్న స్కూటరు సగం వచ్చేది. "లోపల ఒక్క ఫిల్మే కదా పోయింది?" అన్నాను, తెలిసినవాడిలా. "ఫిల్మ్ విడిగా రాదు సార్" అన్నాడు, తెలియనివాడిలా.

ఆ సాయంత్రమే నేను స్క్రూడ్రైవరు తీశాను. ఇంట్లో ఆ చప్పుడు వినగానే మా ఆవిడ మిక్సీని తీసుకెళ్లి బీరువాలో పెట్టింది. మునుపు నేను బాగుచేసిన మిక్సీ స్విచ్చి వేయకుండానే తిరిగేది. అది వేరే కథ.

ముందు బ్యాటరీ నెగటివ్ తీగ తీసేశాను. ఆ మాట ఎందుకు చెబుతున్నానంటే, ఈ మొత్తం వ్యవహారంలో నేను ఎవరూ చెప్పకుండా సరిగ్గా చేసిన పని అదొక్కటే. హ్యాండిల్ కవరుకు కనిపించే స్క్రూలు కొన్ని, కనిపించని క్లిప్పులు కొన్ని. స్క్రూలు పెద్దమనుషులు, తిప్పితే వస్తాయి. క్లిప్పులు మాత్రం అలిగిన అల్లుళ్లు. బతిమాలితే రావు, లాగితే టప్పుమంటాయి. అట్లకాడ సన్నటి అంచు దూర్చి పైకి లేపితే, మూడు వచ్చాయి, ఒకటి టప్పుమంది.

మీటరు చేతికొచ్చింది. అద్దం మీది మాడిన పొరను గోటితో లాగితే ఎండిన మామిడితాండ్రలా ఊడింది. జిగురు కడిగాను. అద్దం తళతళలాడింది. గర్వంగా కిందికి తీసుకెళ్లి, కప్లర్ తగిలించి, బ్యాటరీ తీగ బిగించి, తాళం తిప్పాను. ఏమీ లేదు. మచ్చా లేదు, అంకే లేదు. మబ్బులేని ఆకాశం.

గుండె జారింది. మరునాడు చదువుకుంటే గానీ విషయం తెలియలేదు. ఈ ఎల్‌సీడీలో ఉండే ద్రవ స్ఫటికం తనంతట తాను నల్లబడదు. 1888లో ఫ్రీడ్రిక్ రైనిట్జర్ అనే ఆస్ట్రియా వృక్షశాస్త్రజ్ఞుడు క్యారెట్ల నుంచి తీసిన కొలెస్టరాల్‌తో చేసిన పదార్థమొకటి వేడిచేస్తుంటే, అది రెండుసార్లు కరిగిందట. 145.5 డిగ్రీల దగ్గర మబ్బుగా, 178.5 దగ్గర తేటగా. ఆ మబ్బు దశే నేటి మన మీటర్లకు మూలపురుషుడు. మనవాళ్లూ తరతరాలుగా క్యారెట్లు ఉడికిస్తూనే ఉన్నారు గానీ, నెయ్యి వేసి హల్వా చేయడంతో కథ అక్కడ ఆగిపోయింది. సరే, ఈ స్ఫటికం చేసే పనల్లా తనలోంచి పోయే వెలుగును మెలితిప్పడం. కరెంటు తగిలినచోట మెలిక తిప్పడం మానేస్తుంది. ఆ తేడా మన కంటికి ఆనదు. ముందొకటి, వెనకొకటి పోలరైజర్ పొరలుంటే ఆ తేడా నలుపూ తెలుపూ అవుతుంది. ముందు పొరను నేను పీకి చెత్తబుట్టలో వేశాను. అంకెలు అక్కడే ఉన్నాయి, చూసే యోగం నాకు లేదు.

పోలరైజర్ అన్న మాట ఎక్కడో విన్నట్టుందే అనుకుంటే, మా అబ్బాయి పంపిన చలవ కళ్లద్దాల డబ్బా మీద! ఆ రాత్రి పదింటికి వాటిని పెట్టుకుని గేటు దగ్గరికెళ్లి తాళం తిప్పాను. తల ఎడమకు వంచితే తెల్లటి నేల మీద నల్లటి అంకెలు. కుడికి వంచితే నల్లటి నేల మీద తెల్లటి అంకెలు. నేను కాసేపు ఎడమకు, కాసేపు కుడికి వంగి ఆనందిస్తుంటే వెనక నుంచి వాచ్‌మన్ గొంతు: "సార్, ఇయ్యాల గ్రహణమా?"

మరునాడు కోఠీ గుజరాతీ గల్లీకి వెళ్లాను. ఆ సందులో సర్క్యూట్లు, తీగలు, కెపాసిటర్లు కూరగాయల్లా అమ్ముతారు. ఒక దుకాణంలో కుర్రాడు పోలరైజర్ షీటు ఉందన్నాడు.

"డిగ్రీ ఏంది అంకుల్?"

"బీకాం."

"మీది కాదంకుల్, షీటుది. నలభై అయిదా, తొంభయ్యా?"

నేను మొహం చూపించాను. అతనికి అర్థమైంది. నలభై అయిదుది ఇచ్చి, "కోసే ముంగట పైన పెట్టి తిప్పి చూస్కోండి" అన్నాడు. పక్కనే ఉన్న ఒకాయన నా చేతిలోని మీటరు చూసి, "కిలోమీటర్లు తగ్గిస్తున్నారా? బండి అమ్మేస్తారా?" అని గుసగుసగా అడిగాడు. నేను మండిపడ్డాను. ఉన్న కిలోమీటర్లు చూడ్డానికే దిక్కులేక నేనేడుస్తుంటే!

కుర్రాడి మాట ఇంటికొచ్చేసరికి మరిచిపోయాను. షీటును పొడుగు వైపు పొడుగుగా, ముచ్చటగా కొలిచి కోశాను. అతికించి తాళం తిప్పితే మీటరంతా కారునలుపు, అందులో తెల్ల అంకెలు, చనిపోయినవారి ఫొటో నెగటివులా. పాంటు గుడ్డను దర్జీ అడ్డంగా కోస్తే నానా మాటలూ అంటాం. నేను గుడ్డను కాదు, వెలుగునే అడ్డంగా కోశాను. మిగిలిన షీటులో రెండో వైపు నుంచి కోస్తే కుదిరింది. ఆ మాట అన్నంత తేలికగా కుదరలేదు. జిగురు పొర అంటించేటప్పుడు ఫ్యాను గాలికి ఎక్కడిదో ఒక వెంట్రుక ఎగిరొచ్చి పడి, ఇప్పటికీ పెట్రోలు గుర్తు పక్కన శాశ్వతంగా నివాసముంటోంది. తెల్లది. నాదే.

ఇక్కడితో ఆపితే బుద్ధిమంతుణ్ణి. అంకెలు కనిపిస్తున్నాయి, ఆరు ఐదుగా ఉంది, సంసారం సుఖంగా ఉంది. కానీ విప్పినవాడికి ఒక జబ్బుంటుంది, విప్పినదంతా బాగు చేయాలని. ఆ అద్దానికీ సర్క్యూటు పలకకూ మధ్య తీగలుండవు. సన్నటి రబ్బరు పుల్ల ఒకటుంటుంది. దాంట్లో కరెంటు పోయే పొర ఒకటి, పోని పొర ఒకటి, వరసగా చారలు చారలుగా ఉంటాయి కనుక జీబ్రా అంటారు. దానికి దుమ్మో చెమ్మో పట్టినా, నొక్కుడు సరిగా లేకపోయినా ఒకో గీత మాయమవుతుంది. తుడిస్తే చాలు.

ఆల్కహాలుతో తుడవాలన్నారు. ఇంట్లో కరోనా నాటి శానిటైజర్ క్యాను సగం మిగిలే ఉంది. చేతులు పొడిబారకుండా దాంట్లో గ్లిజరిన్ కలుపుతారని నాకేం తెలుసు? జీబ్రాకు నున్నగా నలుగుపెట్టి బిగించాను. అంతకుముందు ఒక్క గీతే లేదు. ఇప్పుడు స్పీడు సున్నా అన్నచోట ఏదో కన్నడ అక్షరం కనిపించింది. మళ్లీ గుజరాతీ గల్లీ. కుర్రాడు నన్ను చూడగానే ఐపీఏ అనే ఆల్కహాలు సీసా తీసి బల్ల మీద పెట్టాడు, డిగ్రీ అడగలేదు. ఈసారి వేలు తగలకుండా పట్టకారుతో పట్టుకుని తుడిచి, స్క్రూలన్నీ మూలకు మూల ఎదురుగా కొంచెం కొంచెం బిగించాను.

తాళం తిప్పగానే మీటరు ఒక్క క్షణం అన్ని గీతలూ చూపిస్తుంది. ఎనభై ఎనిమిది! ఏడుకు ఏడు, పక్కన ఇంకో ఏడు. గడియారం మాత్రం పన్నెండు దగ్గర మొదలైంది. ఓడోమీటరు చిప్పులో దాచుకున్న కిలోమీటర్లు ఒక్కటీ పోలేదు. టప్పుమన్న క్లిప్పు పుణ్యమా అని నలభై దాటితే కవరు సన్నగా తంబురా మీటుతుంది, అంతే.

ఆదివారం మా ఆవిణ్ణి ఎక్కించుకుని ఎల్బీనగర్ దాటి రోడ్డు ఖాళీగా దొరగ్గానే, అలవాటు చొప్పున చెయ్యి తిరిగింది. మీటరు మీద నిఖార్సయిన, నిండైన, ఏ గీతా ఊడని 62. గుటక పడింది నాకు. బ్రేకు మీదికి వేళ్లు పోయాయి.

"ఇప్పుడెందుకు తగ్గిస్తారు? ఎప్పుడూ పోయేదేగా" అంది మా ఆవిడ.

"ఎప్పుడూ యాభై రెండేగా?"

"యాభైలో మీ చొక్కా కాలరు లేవదు. అరవై దాటితేనే లేస్తుంది. రెండేళ్లుగా చూస్తున్నా."

"మరి ఇన్నాళ్లూ ఒక్క మాటా అనలేదే?"

"అంటే మీటరు విప్పుతారని."