సొంత డబ్బా... సెల్ఫ్ గోల్!

ఫుట్‌బాల్ ప్రపంచకప్‌ను పుట్టించి పెంచిన పెద్దల ఘనతపై 2014లో ఓ సినిమా వచ్చింది. పేరు ‘యునైటెడ్ ప్యాషన్స్’. పెట్టుబడిలో సింహభాగం ప్రపంచ ఫుట్‌బాల్ సంస్థ ఫిఫాదే. హీరోలూ ఫిఫా అధ్యక్షులే!

జూల్స్ రిమేగా గెరార్డ్ డెపార్డ్యూ, సెప్ బ్లాటర్‌గా టిమ్ రాత్. తెరమీద బ్లాటర్ అవినీతి అంటే మండిపడే నిప్పులాంటి మనిషి మరి.

అమెరికాలో విడుదలకు ముహూర్తం పెట్టిన సిద్ధాంతి ఎవరో గానీ, దండేసి దండం పెట్టాలి. 2015 మే 27న అవినీతి కేసులో జ్యూరిచ్‌లో ఫిఫా పెద్దల అరెస్టులు. జూన్ 2న దిగిపోతానన్న బ్లాటర్. జూన్ 5న బొమ్మ పడింది!

విమర్శకులు ఉతికి ఆరేశారు. అమెరికాలో మొత్తం వసూళ్లు 918 డాలర్లు. వేలూ లక్షలూ కాదు, అక్షరాలా తొమ్మిది వందల పద్దెనిమిది.

ఫిఫా పద్దుల్లో ఎవరూ దర్యాప్తు అడగని అంకె ఇదొక్కటే.