టులెట్ బోర్డుకు బీబీపేట వ్యాఖ్య

మూలం:
టులెట్. డబుల్ బెడ్రూం. మెట్రోకు దగ్గర. మంజీర నీళ్లు కలవు. చిన్న ఫ్యామిలీకి మాత్రమే. కిరాయి ఏటా స్వల్పంగా పెరుగును.

అవతారిక:
కాళిదాసు కావ్యాలకు వ్యాఖ్యలు రాసిన మల్లినాథసూరి మా కామారెడ్డికి పక్క జిల్లా మెదక్‌లోని కొల్చారం వాడు. మూలంలో లేనిది రాయననీ, అక్కరలేనిది చెప్పననీ ఆయన ఒట్టు పెట్టుకున్నాడు. ఈ వ్యాఖ్యాతకు అందులో మొదటి ఒట్టు నిలబెట్టుకోవడం కుదరదు. టులెట్ బోర్డులో అసలు సంగతి ఎన్నడూ మూలంలో ఉండదు గనుక.

ఈ గ్రంథం బోయిన్‌పల్లిలో ఒక గేటుకు తీగతో వేలాడుతున్న రేకు మీద లభ్యమైనది. కర్త ఇంటి ఓనరు. అధికారి, అనగా దీనిని చదువ నర్హుడు, బీబీపేటలో పుట్టి, కామారెడ్డిలో డిగ్రీ చేసి, అమీర్‌పేటలో ఉద్యోగం దొరికి, కొత్తగా పెండ్లయినవాడు. ప్రయోజనం తలదాచుకొనుట.

టీక:
డబుల్ బెడ్రూం = ఒక పడకగదియు, మంచము వేసినచో తలుపు పడని మరియొక గదియు.

మెట్రోకు దగ్గర = రేకును ఎండకు ఏటవాలుగా పట్టి చూస్తే 'మెట్రో' కింద 'బస్టాపు' అన్న పాత అక్షరాలు కనబడతాయి. కాబట్టి ఇది 2017 తర్వాత చేరిన ప్రక్షిప్తం. ఆ ఏడాది నవంబరు 28న మియాపూర్‌లో మెట్రో ప్రారంభమైంది. మరునాటి నుంచి నాగోలు దాకా జనం ఎక్కారు. అయితే బోయిన్‌పల్లికి ఉన్నవాటిలో దగ్గరి స్టేషన్ ప్యారడైజ్, అది పొద్దున టిఫిన్ డబ్బా పట్టుకొని నడిచే దూరం కాదు. మరి కర్త అబద్ధమాడెనా? ఆడలేదు. ప్యారడైజ్ నుంచి మేడ్చల్ దాకా, జేబీఎస్ నుంచి శామీర్‌పేట దాకా కొత్త మార్గాలు వేస్తామని 2025 జనవరిలో ప్రభుత్వం ప్రకటించింది. జరగబోయేదానిని కండ్ల ముందున్నట్టు వర్ణిస్తే భావికాలంకారం. ఇక్కడ స్టేషన్ భవిష్యత్తులో ఉన్నది, దాని కిరాయి వర్తమానంలో ఉన్నది. ఆలంకారికులు ఇంతకన్న మంచి ఉదాహరణ ఇవ్వలేదు.

ఆక్షేపం: వర్తమానంలో ఉన్న స్టేషనే కావాలంటే లైను చివరికి పోయి, తక్కువ కిరాయికి ఉండరాదా? ఉండవచ్చు, లెక్క చూసుకొని. 2025 మే సవరణ తర్వాత మెట్రో టికెట్టు 11 రూపాయల నుంచి 69 దాకా ఉంది. ఈ చివరి నుంచి ఆ చివరికి పోయి వస్తే రోజుకు 138. నెలకు 26 పనిదినాలకు 3,588. కిరాయిలో మిగిలేది అంతకన్న తక్కువైతే మిగిలింది ఓనరుకు కాక రైలుకు ముడుతుంది. మేడ్చల్ దాకా 2023 ఏప్రిల్‌లో మొదలైన ఎంఎంటీఎస్ లోకల్ రైలు టికెట్టు చౌక. బండ్ల టైముకు డ్యూటీ కుదిరినవాడు ఆ పట్టాల పొంటి ఇల్లు వెతకడమే మేలని నా పక్షం. కామారెడ్డి రైలు కూడా అటే పోతుంది.

మంజీర నీళ్లు కలవు = మంజీర మా జిల్లా నది. నిజాంసాగర్ దాని మీదనే కట్టారు. ఎగువన సింగూరు దగ్గర ఆ నీళ్లను పట్నానికి మళ్లించారు. మా పొలాలకు రావలసిన నీళ్ల వెనకాలే మేమూ పట్నం వచ్చి, అవే నీళ్లకు మెయింటెనెన్స్ పేరుతో నెలనెలా డబ్బు కడుతున్నాము. ఈ పదానికి ఇంతకు మించి వ్యాఖ్య రాస్తే రాజకీయమవుతుంది.

చిన్న ఫ్యామిలీ = బోర్డు ప్రకారం ఆలుమగలు, ఒకరిద్దరు పిల్లలు. బీబీపేట ప్రకారం నిమ్స్‌లో చూపించుకొన వచ్చిన పెద్దనాయన, గ్రూప్స్ పరీక్ష రాసే బావమరిది, గాంధీ ఆసుపత్రిలో కాన్పైన చెల్లెలికి సద్ది తెచ్చిన చిన్నమ్మ. గాంధీ ఆసుపత్రికి మెట్రో స్టేషనే ఉంది గనుక మెట్రోకు నిజంగా దగ్గరైన ఇల్లు ఎన్నడూ చిన్న ఫ్యామిలీగా మిగలదు. ఓనరు పొద్దున గడప ముందు చెప్పులు లెక్కపెడతాడు.

ఏటా = ఇక్కడ చాలామంది జారిపడతారు. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం మూలపాఠం ప్రకారం ఏడాది దాటిన లీజును రిజిస్టరు చేయించాలి. ఆ ఖర్చు తప్పించుకోవడానికి అగ్రిమెంటు 11 నెలలకే రాస్తారు. పంచాంగకర్తలకు అధికమాసముంటే ఓనర్లకు ప్రతి సంవత్సరమూ క్షయమాసమే. అరవై నెలలు ఒకే ఇంట్లో ఉంటే పన్నెండు నెలల లెక్కన కిరాయి నాలుగుసార్లు పెరగాలి. పదకొండు నెలల లెక్కన ఐదుసార్లు పెరుగుతుంది.

స్వల్పంగా = ఎంత? మొదటి నెల కిరాయి కన్న ఇదే ముఖ్యం, కాని అడిగేవాళ్లు తక్కువ. ఒక ఇల్లు 12,000, ఏటా పది శాతం పెంపు. ఇంకొకటి 13,000, ఐదు శాతం. మొదటిది వెయ్యి తక్కువని అందరూ అటు ఉరుకుతారు. మూడో ఏటికి మొదటిది 14,520, రెండోది 14,332. ఐదేండ్లు పూర్తయ్యేసరికి చౌక ఇంటివాడు పదిహేడు వేల పైచిలుకు ఎక్కువ కట్టి ఉంటాడు.

పూర్వపక్షం: కిరాయిని అదుపు చేసే చట్టం లేదా? ఉంది. 1960 నాటి భవనాల అద్దె నియంత్రణ చట్టం. న్యాయమైన కిరాయి తేల్చేటప్పుడు 1944 ఏప్రిల్ 5కు ముందటి పన్నెండు నెలల్లో ఆ ఇలాకాలో నడిచిన కిరాయిలను కూడా చూడమంటుంది. చూడడానికి బోయిన్‌పల్లిలో అప్పుడు డబుల్ బెడ్రూములు లేవు. అదీగాక 2005 సవరణతో కార్పొరేషన్లలో నెలకు 3,500 దాటిన ఇల్లు ఆ చట్టం కిందికే రాదు. పైన చెప్పిన మెట్రో టికెట్ల ఖర్చే అంతకన్న ఎక్కువ.

సిద్ధాంతం: కాబట్టి అగ్రిమెంటే ప్రమాణం. పెంపు శాతం అందులో అంకెలో ఉండాలి, ఎన్ని నెలలకు ఒకసారన్నదీ ఉండాలి. నోటిమాట 'స్వల్పం' ప్రమాణం కాదు. పిల్లలు అమెరికాలో ఉండి, కింద ముసలి దంపతులున్న ఇల్లు దొరికితే శాతం కొంచెం ఎక్కువైనా తీసుకోవచ్చునని కొందరంటారు. మందుల షాపుకు పోయివచ్చే కిరాయిదారు మీద వాళ్లకు పెంపు మతికి రాదట. నేనూ ఈ మతం వాడినే.

విశేషం: బేరంలో చుట్టరికం పనిచేస్తుంది.

"ఏ ఊరు బిడ్డా?"

"బీబీపేట, అమ్మా."

"అదెటు దిక్కు?"

"దోమకొండ పక్కన."

"దోమకొండనా! మా మేనత్తను ఆ ఊరికే ఇచ్చిన్రు గదా. పదెందుకు తీయ్, ఏడు శాతం పెంచుకుందాం."

సంతోషించి అగ్రిమెంటుకు డీటీపీ షాపుకు పోతే, అక్కడివాడు కంప్యూటర్లో ఉన్న పాత ఫైలు తీసి పేర్లు మాత్రమే మారుస్తాడు. తక్కినదంతా అపౌరుషేయం, అందులో పది శాతమే ఉంటుంది. సంతకానికి ముందు ఆ పదిని కొట్టించి ఏడు వేయించుకోవాలె, కొట్టివేత పక్కన ఓనరమ్మ సంతకం పడాలె. మేనత్త సాక్షి సంతకానికి రాదు.