పరువున్న మనిషి

మీ ఊళ్ళోనూ ఒక గాంధీ బొమ్మ సెంటరు ఉండే ఉంటుంది. బొమ్మకు కూతవేటు దూరంలో బ్రాందీ షాపు, దాని పక్కన ఎప్పుడో మూసేసిన ఎరువుల కొట్టు, కొట్టు ముందు అరుగు. సాయంత్రం ఏడు దాటాక ఆ అరుగు మీద ఒక కాలు, రోడ్డు మీద ఒక కాలు వేసి నిలబడే ఆసామి ఒకడుంటాడు. షాపు బోర్డు మీద ‘వైన్స్’ అనే రాసి ఉంటుంది గానీ, ద్రాక్షసారా రుచి ఎలా ఉంటుందో ఆయనకు ఈ జన్మలో తెలియదు.

ఇస్త్రీ చొక్కా, జేబులో పెన్ను, నుదుట పొద్దుటి కుంకుమ. చేతిలో ప్లాస్టిక్ గ్లాసు. వాటర్ ప్యాకెట్టు మూల పంటితో కొరికి, ఆ గ్లాసులోకి సన్నగా ధార వదులుతుంటే చూడాలి, అభిషేకం చేసే పూజారికి కూడా అంత గురి ఉండదు. డబ్బులు తక్కువైన రోజు కటింగ్. కౌంటరు దగ్గర మూడు నిమిషాల క్రితం పరిచయమైన మనిషితో క్వార్టరు పంచుకోవడమన్నమాట. ఒకరి పేరు ఒకరికి తెలియదు. అయినా ఆ 180 మిల్లీలీటర్లను రెండు గ్లాసుల్లో పోసి, కంటి ఎత్తుకు లేపి, వీధిలైటు వెలుగులో సరిచూస్తారు. అన్నదమ్ముల పొలం పంచేటప్పుడు సర్వేయరు కూడా అంత నిక్కచ్చిగా కొలవడు.

“ఆ తాగేదేదో ఇంట్లో తాగకూడదటయ్యా?” అని ఓసారి అడిగాను. నాలుక కరుచుకున్నాడు.

“ఎంతమాట మాస్టారూ! పిల్లలు చదువుకుంటుంటారు. మీ కోడలికి ఆ వాసనే పడదు. పరువుగల కొంప మాది.”

ఆ కొంప సంగతి నాకు తెలియదు గానీ, ట్యూషన్ నుంచి వచ్చే మా వీధి ఆడపిల్లలు మాత్రం ఈయన్ని తప్పించుకోవడానికి పోస్టాఫీసు సందు చుట్టి వస్తున్నారు. ఆ సందులో లైటు లేదు. ఆ మాట చెబితే నొచ్చుకున్నాడు. “నేనెవర్నైనా పల్లెత్తు మాటన్నానా?” అన్నాడు. నిజమే, మొదటి గ్లాసు దాకా అనడు. రెండో గ్లాసులో బావమరిది గుర్తొస్తాడు. ఆ బావమరిది ఉండేది పక్క జిల్లాలో. అయినా తగాదా ఆగదు. స్కూటరు మీద పోయేవాడెవడైనా ఆ పూటకు బావమరిదే.

భక్తికి లోటు లేదు. మా ప్రహరీగోడ తడవకుండా ఉంటుందని వేంకటేశ్వరుడు, మక్కా, ఏసుప్రభువు బొమ్మలున్న టైల్స్ అతికించాను. ఆయన వచ్చి, ముగ్గురికీ కళ్ళకద్దుకుని దణ్ణం పెట్టి, టైల్స్ అయిపోయినచోటికి నాలుగడుగులు జరిగాడు. నేను కొన్నది డజనే. ఇంకో డజను కొనకపోవడం నా పిసినారితనం.

2019లో పర్మిట్ రూములు ఎత్తేసినప్పుడు “మమ్మల్ని రోడ్డున పడేశారు” అని వాపోయాడు. అంతకుముందు మాత్రం ఎక్కడ నిలబడేవాడని నేను అడగలేదు; ఇదే అరుగు. 2025లో ఆ రూములు తిరిగొచ్చాయి. వెళ్ళవయ్యా, నాలుగు గోడల మధ్య హాయిగా కూర్చోమన్నాను. ఒకరోజు వెళ్ళొచ్చి ముక్కు చిట్లించాడు. “మనలాంటివాళ్ళు కూర్చునే చోటు కాదు మాస్టారూ. అంతా తాగుబోతులే.”

పోలీసులు చేతులు ముడుచుకు కూర్చున్నారని అనను. జీపు లైటు కనబడగానే గ్లాసు బొమ్మ దిమ్మె మీదికి, మహాత్ముడి కాపలాలోకి చేరుతుంది. ఈమధ్య డ్రోన్లు కూడా ఎగరేస్తున్నారు. నెత్తిమీద రొద వినబడితే ఆయన గ్లాసు మీద చేతిరుమాలు కప్పుతాడు, దోమ పడుతుందని.

చట్టం ఏం చేసిందంటారా? 1860 నాటి శిక్షాస్మృతిలో 510వ సెక్షను ఉండేది. తాగి నలుగురిలో గొడవచేసి ఇబ్బంది పెడితే 24 గంటల దాకా జైలు, లేదా 10 రూపాయల దాకా జరిమానా, లేదంటే రెండూ. కోడిగుడ్డు ధర పెరిగింది, మిరపకాయ బజ్జీ ధర పెరిగింది, ఈ నేరం ధర మాత్రం ఆ పది రూపాయల దగ్గరే ఉండిపోయింది. 2024 జులై 1న భారతీయ న్యాయ సంహిత వచ్చాక 355వ సెక్షను కింద జరిమానా వెయ్యి రూపాయల దాకా వెళ్ళింది. దాంతోపాటు సమాజ సేవ అని కొత్త శిక్ష ఒకటి చేరింది. ఈ రెండోది విని ఆయన సంతోషించాడు. “సేవే కదా, మనం చేస్తున్నదీ అదే. ఖజానా నింపుతున్నది ఎవరు?” అన్నాడు.

పోయిన నెలలో దొరికాడు. వెయ్యి కట్టే స్తోమత లేదని మొత్తుకుంటే సెంటరు ఊడవమన్నారు. ఆదివారం పొద్దున పాలకు వెళ్తూ చూశాను. అదే అరుగు ముందు, పగిలిన సీసాపెంకులు పోగుచేస్తున్నాడు. మూడొందల మంది ముందు గ్లాసెత్తిన మనిషి, కళ్ళు మాత్రమే కనబడేలా ముఖానికి తువ్వాలు చుట్టుకున్నాడు. గుర్తుపట్టి పలకరించాను. కంగారుగా అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

“మెల్లగా మాస్టారూ. చేతిలో చీపురుండగా తెలిసినవాళ్ళెవరైనా చూస్తే పరువు పోతుంది.”

మా గోడ వైపు మాత్రం ఊడవలేదు.