పర్యావరణ శాఖ వారికి ప్రశంసాపత్రం

కేంద్ర పర్యావరణ, అటవీ, వాతావరణ మార్పుల మంత్రిత్వ శాఖ వారూ, మిమ్మల్ని ఇవాళ పొగడాలని కూర్చున్నాను. ఇందులో చెప్పబోయే గుణాలు మీకు లేనివి కావు. అన్నీ రికార్డుల్లో ఉన్నవే.

మొదటిది, మీరు అడిగారు. 2020 ఏప్రిల్ 11న, లాక్‌డౌన్‌లో ఊళ్లకు ఊళ్లు తలుపులు వేసుకున్న రోజుల్లో, పర్యావరణ ప్రభావ మదింపు నిబంధనల కొత్త ముసాయిదాను గెజిట్‌లో వేసి మీ అభిప్రాయం చెప్పండని జనాన్ని అడిగారు. ముసాయిదాలో మీ మనసు దాచుకోలేదు కూడా. అనుమతి లేకుండా పని మొదలుపెట్టిన కంపెనీ ఆనక వచ్చి జరిమానా కట్టి అనుమతి తెచ్చుకోవచ్చని రాశారు. తప్పు జరిగిందని కంపెనీ తానే చెప్పుకోవాలి, లేదా ప్రభుత్వం కనిపెట్టాలి. ఆ పొగ పీల్చే ఊరివాళ్లు ఫిర్యాదు చేస్తే లెక్కలోకి వస్తుందని మాత్రం ఎక్కడా రాయలేదు. ప్రజాభిప్రాయ సేకరణ సభకు ముందు జనానికిచ్చే 30 రోజుల గడువును 20కి కుదించారు. ఎవరి పక్షాన నిలబడ్డారో చదివినవాళ్లకు అనుమానం మిగల్లేదు. ఆ సూటిదనం మెచ్చుకోవాల్సిందే.

రెండోది నిలకడ. అభిప్రాయాల గడువు నడుస్తుండగానే, మే 7 తెల్లవారుజామున, విశాఖపట్నం శివారు ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్‌జీ పాలిమర్స్ ట్యాంకు నుంచి స్టైరిన్ ఆవిరి ఊరి మీదికి వచ్చింది. నిద్రలోంచి లేచి పిల్లల్ని ఎత్తుకుని పరుగెత్తినవాళ్లు రోడ్డు మీద ఎక్కడికక్కడ పడిపోయారు. పశువులు కట్టేసినచోటే చచ్చాయి. 12 మంది ప్రాణాలు పోయాయి. చెల్లుబాటయ్యే పర్యావరణ అనుమతి తమకు లేదని ఆ కంపెనీ అంతకు ఏడాది ముందే, 2019 మేలో, అధికారులకు అఫిడవిట్‌లో రాసిచ్చింది. అనుమతి లేని ఫ్యాక్టరీ ఏం చేయగలదో దేశమంతా టీవీల్లో చూసింది. మీరూ చూశారు. ఆనక అనుమతి ఇచ్చే నిబంధన మాత్రం ముసాయిదాలో చెక్కుచెదరలేదు.

ఇక పట్టుదల. ఈ ముసాయిదా హిందీ, ఇంగ్లిష్‌లలోనే ఉంటే మిగతావాళ్లు ఎలా చదువుతారని ఢిల్లీ హైకోర్టు అడిగింది. గడువును ఆగస్టు 11 దాకా పొడిగించి, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని భాషలన్నిటిలోకీ పది రోజుల్లో అనువాదం చేయించమని జూన్ 30న ఆదేశించింది. చట్టం ప్రకారం ఆ రెండు భాషలు చాలని మీరు సుప్రీంకోర్టు దాకా వెళ్లారు. తమ ప్రాణాలకు సంబంధించిన కాగితం వెంకటాపురం జనం తెలుగులో చదవాల్సిన అవసరం లేదని దేశపు అత్యున్నత న్యాయస్థానంలో నిలబడి వాదించడానికి గుండె నిబ్బరం కావాలి. అది మీకు ఉంది.

అయినా జనం చదివారు. ఇంగ్లిష్ వచ్చిన పిల్లలు చదివి, విడగొట్టి, సొంత భాషల్లో చెప్పారు. ఉద్యమ వెబ్‌సైట్లలో ఒక బటన్ నొక్కితే మీ చిరునామాతో, విషయంతో సహా మెయిల్ సిద్ధంగా తెరుచుకునేది. కింద పేరు రాసి పంపడమే. అలా 17 లక్షలకు పైగా అభిప్రాయాలు చేరాయి. ఆన్‌లైన్ విజ్ఞాపనలు ఎవరూ పట్టించుకోరనే మాట మీ విషయంలో అబద్ధం. మంత్రిగారికి ఒకే తరహా శీర్షికతో వచ్చిపడుతున్న మెయిళ్ల మీద పోలీసులకు ఫిర్యాదు వెళ్లింది. వాతావరణం కోసం పనిచేసే యువత బృందం ఫ్రైడేస్ ఫర్ ఫ్యూచర్ ఇండియా వెబ్‌సైట్‌ను నిలిపేయమని ఢిల్లీ సైబర్ పోలీసులు జూలైలో నోటీసిచ్చారు. అందులో ఉగ్రవాదుల మీద పెట్టే ఉపా సెక్షన్ ఉంది. అది పొరపాటున పడిందని తర్వాత వెనక్కి తీసుకున్నారు. చెట్టూ చేమా గురించి మెయిల్ పంపమన్న కుర్రకారు మీద ఆ సెక్షన్ రాసిన చేతిని తలచుకుంటే ఇప్పటికీ నాకు కోపం ఆగదు. కానీ ఒప్పుకోవాలి. ఆ మెయిళ్లకు బలముందని మీ అంత స్పష్టంగా ఎవరూ చాటలేదు.

ఆ బలం పనిచేసింది కూడా. ముసాయిదా తుది నోటిఫికేషన్‌గా రాలేదు. 2006 నాటి నోటిఫికేషనే సవరణలతో నడుస్తోంది. అది 17 లక్షల మెయిళ్ల గెలుపు. అందులో ఒకటి పంపినవాళ్లెవరైనా తలెత్తుకుని చెప్పుకోవచ్చు.

మీలో నాకు అన్నిటికన్నా గొప్పగా కనిపించేది నేర్చుకునే గుణం. అడిగితే జనం చెబుతారని మీకు 2020లో అర్థమైంది. ఏడాది తిరిగేసరికి, 2021 జూలై 7న, ఉల్లంఘనలకు పాల్పడిన ప్రాజెక్టులను ఎలా దారికి తేవాలో చెబుతూ ఒక ఆఫీస్ మెమోరాండం ఇచ్చారు. ఒక నంబరు, ఒక తేదీ, అడుగున అధికారి సంతకం. ముసాయిదా వేసి 60 రోజులు ఆగాల్సిన పని లేదు, అభిప్రాయాలు పంపడానికి చిరునామా లేదు. ముసాయిదాలో జనం కాదన్న ఆనక అనుమతి ఆ కొద్ది పేజీల్లో తిరిగి ప్రాణం పోసుకుంది. బటన్ నొక్కేవాళ్లకు నొక్కడానికి ఏమీ మిగల్లేదు.

ఇలాంటి మెయిళ్లే అంతకుముందు ఒకసారి గెలిచాయి. ఇంటర్నెట్‌లో అన్ని సైట్లనూ సమానంగా చూడాలనే నెట్ న్యూట్రాలిటీ కోసం 2015లో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్‌కి పది లక్షలకు పైగా మెయిళ్లు వెళ్లాయి. మరుసటి ఫిబ్రవరిలో కంటెంట్‌ను బట్టి డేటా ధర మార్చడాన్ని ట్రాయ్ నిషేధించింది. అక్కడా మెయిళ్లే, ఇక్కడా మెయిళ్లే. ట్రాయ్ పారదర్శకంగా పనిచేయాలని దాని చట్టంలోనే ఉంది. అది చర్చాపత్రం వేసి, నలుగురి మాట విని, నిర్ణయానికి కారణాలు రాస్తుంది. మెమోరాండానికి అలాంటి బాధ్యత ఏదీ లేదు. విజ్ఞాపన చేరేది తలుపు తెరిచి ఉన్న గదికే. మీరు తెలివిగా గది మార్చారు.

చివరిది ఓర్పు. 2025 మే 16న వనశక్తి అనే సంస్థ వేసిన కేసులో సుప్రీంకోర్టు ఆనక అనుమతులు చెల్లవంది. 2021 మెమోరాండాన్నీ, దానికి ముందు అదే వెసులుబాటు ఇచ్చిన 2017 నోటిఫికేషన్‌నీ కొట్టేసింది. ఆరు నెలల తర్వాత, నవంబర్ 18న, ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం ఇద్దరి మాటతో ఆ తీర్పును వెనక్కి తీసుకుంది. జస్టిస్ ఉజ్జల్ భుయాన్ ఒక్కరే ససేమిరా అన్నారు. 2020లో లక్షల మంది వద్దన్నది అప్పటికీ మీ చేయి జారిపోలేదు.

ఇన్ని శక్తులున్న మిమ్మల్ని ఒకటి అడుగుతున్నాను. ఇక మీదట అనుమతులకు సంబంధించిన ఏ మెమోరాండమైనా సంతకం పడకముందు 60 రోజులు జనం ముందు ఉంచండి. తెలుగులో ఉంచండి, ఒడియాలో ఉంచండి, గోండు గూడేల్లో చదివి వినిపించండి. ఫ్యాక్టరీ గోడ పక్కనున్న ఇంటివాళ్లు ఇచ్చిన ఫిర్యాదుకు రసీదు ఇచ్చే నిబంధన అందులో రాయండి. వచ్చిన ప్రతి అభ్యంతరాన్నీ ఒప్పుకున్నారో లేదో, ఒప్పుకోకపోతే ఎందుకో కారణంతో సహా మీ వెబ్‌సైట్‌లో పెట్టండి.