చిటికెన వేలి కింద ఉద్యోగం: ఒక షిఫ్ట్ కీ ఆత్మకథ

నేను పుట్టింది 1878లో, అమెరికాలో, రెమింగ్టన్ నంబర్ 2 అనే టైపు మిషను మీద. అంతకు నాలుగేళ్ల ముందు, 1874లో, అదే కంపెనీ బజారులో పెట్టిన మొదటి మిషనులో నేను లేను. అందుకే దానిమీద కొట్టిన ఉత్తరం మొదలు నుంచి చివరిదాకా క్యాపిటల్ అక్షరాలే. నేను వచ్చాక ఒక్కో కడ్డీ చివర రెండేసి అక్షరాలు చేరాయి, ఒకటి చిన్నది, ఒకటి పెద్దది. నన్ను అదిమితే కాగితం చుట్టిన రోలరు కాస్త జరుగుతుంది, పెద్దక్షరం కాగితానికి తగులుతుంది. వేలు తీస్తే రోలరు మళ్లీ తన చోటికి వస్తుంది. కంప్యూటర్ల దగ్గరా ఇదే కథ మరోసారి నడిచింది. 1963లో వెలువడిన అక్షరాలకు అంకెలు కేటాయించే మొదటి ఆస్కీ పట్టికలో చిన్నక్షరాలు లేవు, 1967లో వచ్చి చేరాయి. ఆ పట్టికలో పెద్ద 'ఏ' 65, చిన్న 'ఏ' 97. పెద్ద 'బి' 66, చిన్న 'బి' 98. ఏ అక్షరం తీసుకున్నా తేడా 32. ఒకప్పుడు రోలరును జరిపిన నేను ఇప్పుడు ఒకే ఒక్క బిట్టును మారుస్తున్నాను. పని తేలికైంది గాని బాధ్యత తగ్గలేదు.

టైపు ఇన్‌స్టిట్యూట్‌లో కూర్చున్నవాళ్లకు నా క్రమశిక్షణ తెలుసు. కీబోర్డు మీద ఎడమ చివరా నేనే, కుడి చివరా నేనే. ఎడమచేతి అక్షరం పెద్దది కావాలంటే కుడి చిటికెన వేలితోనూ, కుడిచేతి అక్షరం పెద్దది కావాలంటే ఎడమ చిటికెన వేలితోనూ నన్ను అదిమి పట్టాలి. వేలు ఒక్క క్షణం ముందు లేచిందా, పెద్దక్షరం గీత మీద నిలవక సగం పైకెక్కి వేలాడుతుంది. చిన్నక్షరం ఒక వేలి పని, పెద్దక్షరం రెండు చేతుల పని. అందుకే నా లెక్కలో ప్రతి పెద్దక్షరమూ ఒక నిర్ణయం. రాసేవాళ్లు ఆగి ఆలోచించుకుంటేనే వేలు నా దాకా వస్తుంది. ఆ ఆలోచన దేని మీద సాగాలన్నదే నేను చెప్పదలచిన సంగతి. చాలామంది దాన్ని గౌరవం మీద నడుపుతున్నారు. నడపాల్సింది గుర్తింపు మీద.

తెలుగువాళ్లు ఇంగ్లీషులో రాసే సెలవు అర్జీ ఒకటి తీసుకోండి. 'రెస్పెక్టెడ్ సర్' అని మొదలవుతుంది, రెండు మాటలకూ పెద్దక్షరాలే. సంబోధనలో అది చెల్లుతుంది, దానికి నాకు పేచీ లేదు. కింది లైన్లలోకి దిగితే 'ఆఫీసు'కు పెద్ద ఓ, 'డిగ్రీ'కి పెద్ద డి, 'మేనేజర్'కి పెద్ద ఎమ్, 'లీవ్'కి పెద్ద ఎల్. అదే కాగితంలో 'ఇంగ్లీష్', 'తెలుగు', 'మండే' మాత్రం చిన్నక్షరాలతో మొదలవుతాయి. తనను తాను చెప్పుకునే 'ఐ' కూడా నెత్తిన చుక్కతో చిన్నదిగానే నిలబడుతుంది. ఇది ఉత్త తెలియనితనం అనుకోను, ఇందులో ఒక లెక్క ఉంది. పై అధికారికీ, ఉద్యోగానికీ, చదువుకూ గౌరవం. తనకూ తన భాషకూ వినయం. తెలుగులో 'గారు' చేసే పనిని ఇంగ్లీషులో నా చేత చేయిస్తున్నారన్నమాట. ఆ భాష నాకు అప్పగించిన పనులు ముఖ్యంగా రెండే. వాక్యం ఎక్కడ మొదలైందో చూపడం ఒకటి. ఒక్కదానికే చెందిన పేరును, అలాంటివాటన్నిటికీ చెల్లే మాట నుంచి విడదీయడం రెండోది. మొదటిది నేర్చుకోవడానికి ఒక పూట చాలు, అసలు చదువంతా రెండోదానిలో ఉంది. 'మేనేజర్' ఎందరికో చెల్లే మాట కనుక చిన్నక్షరం. 'తెలుగు' ఒక్క భాషకే పేరు కనుక పెద్దక్షరం. 'ప్రెసిడెంట్ లింకన్' అని బిరుదును పేరుకు అతికించి రాస్తే పెద్ద పి. లింకన్ అమెరికాకు ప్రెసిడెంట్‌గా పనిచేశాడని వాక్యంలో చెబితే చిన్న పి. మనిషి అతనే, పదవి అదే, గౌరవమూ అంతే. మారిందల్లా ఆ మాట పేరులో భాగమా కాదా అన్నది.

ఈ నియమం ఆకాశం నుంచి ఊడిపడలేదు. రోములో క్రీ.శ. 113 నాటి ట్రాజన్ స్తంభం మీది శాసనంలో అన్నీ పెద్దక్షరాలే, ఏది పేరో ఏది మాటో లిపి చెప్పదు. షార్లమేన్ చక్రవర్తి కాలంలో, ఎనిమిదో శతాబ్దం చివర, గుండ్రటి చిన్నక్షరాల లిపి యూరపులో స్థిరపడింది. పెద్దా చిన్నా ఒకే పుటలో పక్కపక్కన కాపురం మొదలుపెట్టిన తర్వాతే ఎవరికి ఏ పని అన్న ప్రశ్న పుట్టింది. నేను పుట్టకముందే ఇంగ్లీషు ఈ ప్రశ్నతో చాలాకాలం తడబడింది. పద్దెనిమిదో శతాబ్దంలో చాలామంది రచయితలు, ముద్రాపకులు నామవాచకం కనబడితే చాలు పెద్దక్షరం వేసేవారు. 1787 నాటి అమెరికా రాజ్యాంగం రాతప్రతి చూడండి. పీఠికలో 'జస్టిస్'కు, 'వెల్ఫేర్'కు, 'లిబర్టీ'కి పెద్దక్షరాలున్నాయి. ఆ వాక్యంలోనే 'డిఫెన్స్'కు చిన్న డి. దేశరక్షణ అంటే వాళ్లకు చులకన అయి ఉండదు కదా! గొప్పదనాన్ని బట్టి పెద్దక్షరం పంచబోతే ఎక్కడ ఆపాలో ఎవరికీ తెలియదు, అంతే. ఆ శతాబ్దం చివరికి ఇంగ్లీషు ఆ అలవాటును దాదాపుగా వదిలించుకుంది. డేనిష్ వాళ్లు 1948లో వదిలారు. జర్మన్లు ఇప్పటికీ ప్రతి నామవాచకానికీ పెద్దక్షరమే పెడతారు. అక్కడ అది వ్యాకరణ చిహ్నం, అందులో గందరగోళం లేదు. నామవాచకం రాజుదైనా చీపురుదైనా ఒకటే మర్యాద. కనుక జర్మన్ ఉదాహరణ కూడా గౌరవం పక్షాన సాక్ష్యం చెప్పదు.

సైన్సు పుస్తకం ఇంకా గట్టి సాక్షి. న్యూటన్ మనిషిగా ఉన్నప్పుడు పెద్ద ఎన్. బలాన్ని కొలిచే ప్రమాణంగా మారి వాక్యంలోకి వస్తే చిన్న ఎన్, ఎందుకంటే ఇప్పుడు ఆ మాట ఒక్క మనిషిది కాదు, ఎన్ని న్యూటన్లయినా ఉండవచ్చు. మళ్లీ ఆ ప్రమాణాన్ని ఒకే అక్షరపు గుర్తుగా రాస్తే, మనిషి పేరు నుంచి వచ్చింది కనుక పెద్ద ఎన్. వోల్టు, వాట్ కూడా అంతే. ఇందులో న్యూటన్‌కు అవమానమూ లేదు, సన్మానమూ లేదు. ఇక్కడ నా మీది వేలు తప్పితే జరిగే నష్టాన్ని లెక్కగట్టవచ్చు కూడా. డబ్ల్యూకు ముందు చిన్న ఎమ్ రాస్తే మిల్లీవాట్, పెద్ద ఎమ్ రాస్తే మెగావాట్. రెండింటికీ మధ్య తేడా 100 కోట్ల రెట్లు. ఇంటర్నెట్ కథ దీనికి జోడీ. ఒకప్పుడు అది ఫలానా ఒక్క వ్యవస్థకు పేరు అనుకుని పెద్ద ఐతో రాశారు. కరెంటులా, ఫోనులా అందరి నోటా నలిగే మాట అయ్యాక, 2016లో అసోసియేటెడ్ ప్రెస్ వార్తాసంస్థ తన శైలి నియమావళిలో దాన్ని చిన్నక్షరానికి మార్చింది. ఇంటర్నెట్ విలువ ఆ ఏడాది పడిపోయిందని ఎవరూ అనుకోలేదు.

ఇక్కడ ఒక బలమైన అభ్యంతరం ఉంది, దాన్ని దాటవేయడం న్యాయం కాదు. పెద్దక్షరంలో గౌరవం లేకపోతే అమెరికా నల్లజాతివాళ్లు దానికోసం ఎందుకు పోరాడారు? 'నీగ్రో' అనే మాటను పెద్ద ఎన్‌తో రాయాలని నల్లజాతి రచయిత డబ్ల్యూ.ఇ.బి. డు బోయిస్ వంటివారు ఏళ్ల తరబడి పట్టుబట్టారు. 1930లో న్యూయార్క్ టైమ్స్ ఒప్పుకుంది. ఆ మాటే వాడుక నుంచి తప్పుకున్నాక, 2020 జూన్‌లో అసోసియేటెడ్ ప్రెస్, న్యూయార్క్ టైమ్స్ ఆ జనాన్ని చెప్పే 'బ్లాక్' అనే మాటకు పెద్ద బి ఇచ్చాయి. ఇది గౌరవ పోరాటం కాదని నేను అనను. కానీ వాళ్లు అడిగిందేమిటో జాగ్రత్తగా చూడాలి. ఐరిష్, ఇటాలియన్, జూయిష్ అని పక్కవాళ్లందరికీ పెద్దక్షరం పెడుతూ, తమను మాత్రం చర్మం రంగు చెప్పే మాటగా చిన్నక్షరంలో వదిలేయడాన్ని ప్రశ్నించారు. మేమూ ఒక జాతిమే, మాదీ పేరే అన్నారు. అందరికీ ఉన్న నియమం తమకూ వర్తించాలన్నారు. అక్కడ గౌరవం గుర్తింపు వెంట వచ్చింది. 'వైట్' అనే మాటకు కూడా పెద్దక్షరం ఉండాలా అన్న దాని మీద పత్రికలు ఇప్పటికీ ఏకం కాలేదు. అదొక ఉమ్మడి చరిత్ర ఉన్న జనానికి పేరా, లేక వర్ణనా అన్నదే వాళ్ల తగువు కూడా.

ఇంకొక అభ్యంతరం దేవుడి పేరిట వస్తుంది. ఆయన్ను చెప్పే సర్వనామానికి కూడా పెద్దక్షరం పెట్టే భక్తులున్నారు, అది నిఖార్సైన గౌరవమే. అది భక్తి సంప్రదాయం. ఇంగ్లీషు బైబిళ్లలోనే కొన్ని పాటిస్తాయి, కొన్ని పాటించవు. అందరికీ తప్పనిసరి అయిన నియమం కాదు.

మూడోది బడిపిల్లలు అడిగేది, జవాబు చెప్పడం అన్నిటికంటే కష్టమైనది. సోమవారానికి పెద్దక్షరం, జనవరికి పెద్దక్షరం, మరి ఎండాకాలానికి, వానాకాలానికి ఎందుకు లేదు? నిజం చెప్పాలంటే తర్కం లేదు, ఆచారం ఉంది. ఫ్రెంచివాళ్లు వారాలనూ నెలలనూ భాషల పేర్లనూ చిన్నక్షరాలతోనే రాస్తారు, వాళ్ల పనులేమీ ఆగిపోలేదు. 'నేను' అనే ఐ సంగతీ అంతే. పాత చేతిరాతలో ఒంటరిగా నిలిచిన సన్నటి చిన్న ఐ పక్క మాటల్లో కలిసిపోకుండా దాన్ని సాగదీసి పెద్దది చేశారన్నది ఎక్కువగా చెప్పే కారణం. ఇంగ్లీషువాడి అహంకారమని నవ్వుకునేవాళ్లుంటారు గాని, చేతిరాత ఇబ్బందిని స్వభావంగా చదవడం అన్యాయం. నేను చెప్పే నియమం వీటన్నిటినీ మింగేయగలదని బడాయి పోను. వారాలు, నెలలు, ఐ, ఇలా ఓ గుప్పెడు మాటలు కంఠతా పట్టాల్సిందే. మిగిలిన విశాలమైన మైదానంలో మాత్రం 'ఇది పేరా, రకమా?' అన్న ఒక్క ప్రశ్న దారి చూపుతుంది. చిన్న సి ఉన్న 'చైనా' పింగాణీ, పెద్ద సి ఉన్నది దేశం. చిన్న ఎమ్‌తో 'మార్చ్' సిపాయిల నడక, పెద్ద ఎమ్‌తో పరీక్షల నెల.

అసలు తెలుగుకు పెద్దక్షరమే లేదు, వందల ఏళ్లుగా కావ్యాలూ శాసనాలూ దస్తావేజులూ అది లేకుండానే నడిచాయి, మరి ఈ తంటా దేనికి అంటారు. ఇది కాదనలేని మాట. లిపికి పెద్దక్షరం ప్రాణావసరం కాదని తెలుగే రుజువు. అయితే ఇంగ్లీషు తన ఇల్లు దాని మీద కట్టుకుంది, ఆ ఇంట్లోకి వెళ్లినప్పుడు దాని గడపలు తెలియాలి. పైగా తెలుగు నన్ను వాడుకోకుండా వదిలిందా? పి.వి. నరసింహారావు అని తెలుగు లిపిలో రాసినా ఆ 'పి', ఆ 'వి' ఇంగ్లీషు క్యాపిటల్ అక్షరాల పేర్లే. లోపల ఉన్నవి పాములపర్తి, వెంకట. తెలుగు టైపు చేసే ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డులో 'క' మీట మీద నన్ను కలిపితే 'ఖ' వస్తుంది, అక్కడ ఒత్తు పలికించడం నా పని. తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లో రాసే ఆర్.టి.ఎస్. పద్ధతిలోనైతే చిన్న టి 'త', పెద్ద టి 'ట'. చిన్న ఎల్ 'ల', పెద్ద ఎల్ 'ళ'. అక్కడ నన్ను మరిచిపోతే 'కళ్లు' కాస్తా 'కల్లు' అవుతుంది. పేర్లతో, గౌరవాలతో ఏ సంబంధమూ లేకుండా, రెండు వేర్వేరు ధ్వనులను విడదీయడానికే తెలుగువాళ్లు పెద్దక్షరాన్ని తెచ్చుకున్నారు. విడదీసి గుర్తుపట్టించడమే నా పని అనడానికి ఇంతకంటే సాక్ష్యం నేనెక్కడినుంచి తేను?

ఫోనే అన్నీ దిద్దుతోంది, నేర్చుకోవడం దండగ అనేవాళ్లకు ఒకటే చెబుతాను. పూర్ణవిరామం తర్వాత పెద్దక్షరం వేయడం ఫోనుకు తెలుసు. మీరు రాస్తున్నది పింగాణీ గురించో దేశం గురించో నిర్ణయించాల్సింది మీరే. ఇక కష్టమెందుకని మొత్తం పెద్దక్షరాల్లో కొట్టేవాళ్లకు నా పక్కనే క్యాప్స్ లాక్ ఉంది. దరఖాస్తు ఫారం గళ్లలో చేతిరాత స్పష్టంగా ఉండాలి కనుక అక్కడ బ్లాక్ లెటర్స్ అడగడం సబబే. మామూలు రాతలో అది చదువరి మీద అరవడమే. టెలిగ్రాఫు, టెలిప్రింటర్ల కాలం నుంచి ఆ అలవాటును మోసుకొచ్చిన అమెరికా నౌకాదళం 2013లో తన సందేశాల్లో దాన్ని తప్పనిసరి చేయడం మానుకుంది. ఆ దేశపు వాతావరణ సేవ 2016లో చిన్నక్షరాలకు మారింది.

ఇంగ్లీషు నేర్పే పంతుళ్లకూ టీచరమ్మలకూ నా మనవి ఇదే. నాలుగు గీతల కాపీలో పెద్ద ఏబీసీడీ, చిన్న ఏబీసీడీ దిద్దించాక నియమాల చిట్టా అప్పజెప్పించకండి, ముందు 'ఇది పేరా, రకమా?' అని అడిగించండి. అర్జీ రాసే పెద్దలూ 'ఆఫీసు', 'డిగ్రీ', 'లీవ్' రాసేటప్పుడు నా మీదినుంచి వేలు తీసేయండి, అధికారి ఏమీ చిన్నబుచ్చుకోడు. 'తెలుగు' అని ఇంగ్లీషులో రాసేటప్పుడు మాత్రం పెద్ద టి మరవకండి, అది మీ భాష పేరు.