ఉయ్యాల ఊపితే పదివేల అడుగులు

హైటెక్ సిటీలో అన్నీ ఉన్నాయి, ఒక్క మోటివేషనే లేదట. ఆ కొరత తీర్చడానికి ఏడాది పొడవునా యాగం నడుస్తోంది. జనవరిలో కొండాపూర్ నిండా జిమ్ ఫ్లెక్సీలు, ఆగస్టులో మారథాన్ టీషర్టులు, ఆ తర్వాత కంపెనీవారి వెల్‌నెస్ మాసోత్సవాలు. మధ్యమధ్య తెరమీద ఒక కోచ్‌గారు ప్రత్యక్షమై, కెమెరాలు ఆన్ చేయమని బతిమాలి, మీ ఆరోగ్యానికి మీరే సీఈఓ అంటారు. సీఈఓ అయితే జీతమన్నా పెరగాలి కదండీ! వినాల్సినవాళ్ళు ఆయన్ని మూలకి జరిపి, టికెట్లు క్లోజ్ చేసుకుంటూ ఉంటారు.

కొవ్వు మాత్రం తన పని తాను చేసుకుపోతోంది. గచ్చిబౌలిలో ఉన్న హైదరాబాద్ విశ్వవిద్యాలయం వాళ్ళూ, అదే గచ్చిబౌలిలోని ఏఐజీ ఆసుపత్రి వైద్యులూ కలిసి 345 మంది ఐటీ ఉద్యోగులను పరీక్షించి, 2025లో ‘సైంటిఫిక్ రిపోర్ట్స్’ పత్రికలో లెక్క బయటపెట్టారు. నూటికి 84 మందికి కాలేయంలో కొవ్వు పేరుకుంది. 71 మందికి ఊబకాయం. 34 మందికి బీపీ, షుగరు, నడుము కొలత లాంటివన్నీ గుంపుగా చెడే మెటబాలిక్ సిండ్రోమ్. నూటికి ఐదుగురికో పదిమందికో అయితే బద్ధకం అని సరిపెట్టుకోవచ్చు. ఎనభై నలుగురంటే? అంతమందీ కూడబలుక్కుని సంకల్పబలం పోగొట్టుకున్నారా? ఊరుమ్మడి బావిలో నీళ్ళు తాగి ఊరంతా పడకేస్తే, తాగినవాళ్ళకి క్లాసు పీకుతామా, బావిలోకి తొంగి చూస్తామా?

మన కంపెనీలు క్లాసు పీకడానికే మొగ్గాయి. అది చవక.

నానక్‌రామ్‌గూడలో ఒక ఆఫీసులో అడుగుల పందెం ఎలా సాగిందో వినండి. పేరెందుకు, మీ ఆఫీసే అనుకోండి. మనిషికి రోజుకి పదివేల అడుగులు, టీములవారీగా పోటీ, గంటగంటకీ ఫోన్‌లో ఎవరు ముందో ఎవరు వెనకో. మొదటివారం కెఫెటీరియా చుట్టూ ప్రదక్షిణలే ప్రదక్షిణలు. చెవిలో ఇయర్‌ఫోను, తెరిచిన ల్యాప్‌టాప్ హారతిపళ్ళెంలా రెండు చేతుల్లో, నోట్లో క్లయింటుకి “యా, యా”. వీళ్ళు తొక్కిన చోటల్లా హౌస్‌కీపింగ్ ఆవిడ మళ్ళీ మళ్ళీ తుడుస్తోంది. ఆవిడ అడుగులు ఎవరూ లెక్కపెట్టలేదు, కాంట్రాక్టు మనిషి కదా. రెండోవారం రిలీజ్ వచ్చిపడింది, అందరూ కుర్చీలకి అతుక్కుపోయారు, మీ టీమ్ వెనకబడిందని ఒక మెయిలొచ్చింది. మూడోవారం నుంచి ఓ కుర్రాడు కుర్చీలోంచి లేవకుండానే రోజూ పద్నాలుగు వేలు దాటించడం మొదలుపెట్టాడు. ఆరా తీస్తే తేలిందేమిటంటే, అతగాడు పొద్దున్నే చేతి బ్యాండు విప్పి పాప ఉయ్యాలకి కట్టి వస్తున్నాడు. ఇంట్లో వాళ్ళమ్మ మనవరాల్ని ఊపుతుంటే ఇక్కడ కొడుకు ఖాతాలో అడుగులు పడుతున్నాయి. మొదటి బహుమతి, కంపెనీ లోగో ఉన్న స్టీలు బాటిలు, అతనికే దక్కింది. నన్నడిగితే న్యాయమే. ఆ నెల మొత్తంలో చదివిన ఇంజనీరింగ్‌ని ఇంటికి ఉపయోగపెట్టినవాడు అతనొక్కడే.

ఇంతకీ ఆ పదివేల అంకెను ఏ వైద్యుడూ తేల్చలేదు. టోక్యో ఒలింపిక్స్ అయిన మరుసటేడు, 1965లో, యమసా అనే జపాన్ కంపెనీ అడుగులు లెక్కపెట్టే యంత్రాన్ని అమ్ముకోవడానికి పెట్టుకున్న పేరులోంచి పుట్టింది. ఇరవయ్యొక్క రోజుల్లో అలవాటైపోతుందనే మంత్రం ఇంకా తమాషా. మాక్స్‌వెల్ మాల్ట్జ్ అనే ప్లాస్టిక్ సర్జన్, ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళకి అద్దంలో కొత్త మొహం అలవాటు కావడానికి కనీసం 21 రోజులు పడుతోందని 1960లో రాశాడు. ఆ ‘కనీసం’ సముద్రం దాటేలోపు ఎక్కడో జారిపోయింది. లండన్‌లో ఫిలిప్పా లాలీ బృందం 2009లో నిజంగా లెక్కగట్టి చూస్తే సగటున 66 రోజులు, మనిషిని బట్టి 18 నుంచి 254 దాకా తేలింది. మన ఐటీ కారిడార్‌లో 254 రోజులంటే మాటలా? ఈలోపు ప్రాజెక్టు మారుతుంది, మేనేజర్ మారతాడు, షిఫ్టు మారుతుంది, ఒక్కోసారి ఉద్యోగమే పోతుంది.

పోనీ ఈ వెల్‌నెస్ కార్యక్రమాల వల్ల ఫలితమన్నా ఉందా అంటే, అమెరికాలో ఒక పెద్ద దుకాణాల సంస్థలో దాదాపు 33 వేలమంది ఉద్యోగుల మీద సాంగ్, బైకర్ అనే ఇద్దరు పరిశోధకులు పరీక్షించి 2019లో చెప్పారు. ఏడాదిన్నర తర్వాత, క్రమం తప్పకుండా వ్యాయామం చేస్తున్నామని చెప్పుకున్నవాళ్ళు పెరిగారు. బరువు, బీపీ, కొలెస్ట్రాల్ మాత్రం చెప్పుకోదగ్గంతగా మారలేదు. అంటే అక్కడా ఉయ్యాలలు ఊగాయన్నమాట.

తిండి విషయంలో తెలుగువాడికి మోటివేషన్ తక్కువంటే నేనొప్పుకోను. మంతెనవారు చెబితే ఉప్పూ నూనే మానేశాం. వీరమాచనేనివారు చెబితే అదే నూనె గ్లాసులో పోసుకుని తాగాం. ఖాదర్ వలీగారు చెబితే బియ్యం డబ్బాలో కొర్రలూ అండుకొర్రలూ పోశాం. ఇంత చెప్పినమాట వినే జాతిని పట్టుకుని పట్టుదల లేదంటారేమిటి? తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మేలో 17 సూత్రాలు విడుదల చేసింది. పళ్ళెంలో సగం కూరగాయలూ ఆకుకూరలూ పండ్లూ ఉండాలంది, కండల కోసం ప్రొటీన్ పొడులు మింగొద్దంది. చక్కటి మాట. కానీ రాత్రి పదింటికి మాదాపూర్ హాస్టలుకి చేరిన అమ్మాయికి ఆ సగం పళ్ళెం ఎవరు తరిగిపెడతారు? ఆ వేళకి కర్రీ పాయింట్‌లో మిగిలేది నూనె పైకి తేలిన వంకాయ కూర, రబ్బరు బ్యాండు బిగించిన సాంబారు ప్యాకెట్టు. ఆఫీసులో బుధవారం బుధవారం నాలుగు బొప్పాయి ముక్కలు పంచుతారు, నిజమే. రిలీజ్ రాత్రి పిజ్జాలు కూడా వాళ్ళే తెప్పిస్తారు.

నడుద్దామంటే ఫుట్‌పాత్ మీద బైకు వస్తుంది. 2023 అక్టోబరులో ఔటర్ రింగు రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల సోలార్ కప్పు సైకిల్ ట్రాక్ తెరిచారు, నిజంగా బాగుంది. దాని దాకా సైకిల్ మీద వెళ్ళే ధైర్యం లేక జనం సైకిల్‌ని కారుకి కట్టుకుని తీసుకెళ్తున్నారు.

అసలు కావలసింది టైము. అది మాత్రం ఎవరి చేతిలోనూ లేదన్నట్టు మాట్లాడతారు. 2023 జూలైలో కుండపోత వానలప్పుడు సైబరాబాద్ ట్రాఫిక్ పోలీసులు ఒక్క ప్రకటన ఇచ్చారు: ఈ వైపు కంపెనీలు మధ్యాహ్నం మూడింటికి, ఆ వైపువి నాలుగున్నరకి లాగౌట్ చేయండి అని. అలా దశలవారీగా ఇళ్ళకి పంపినంత మాత్రాన ఏ అమెరికా బ్యాంకూ కూలిపోలేదు. రోడ్డు మీద నీళ్ళు నిలిస్తే సాధ్యమైంది, కాలేయంలో కొవ్వు నిలిస్తే అసాధ్యమా? ఇక పైవాళ్ళ సంగతి సరేసరి. వారానికి 70 గంటలన్నారు నారాయణమూర్తిగారు 2023లో. 2025 జనవరిలో 90 అన్నారు ఎల్ అండ్ టీ చైర్మన్ సుబ్రహ్మణ్యన్‌గారు. 1998లో సైబర్ టవర్స్ కట్టి ఈ మెరుపులన్నిటికీ ముగ్గేసింది ఆ కంపెనీయే. వారానికి ఉన్నవే 168 గంటలు. తొంభై ఆఫీసుకి, యాభై ఆరు నిద్రకి పోతే మిగిలేవి ఇరవై రెండు. ఐకియా దగ్గర ట్రాఫిక్ అందులోంచి తీసేసుకుని, మిగిలినదాంట్లో జిమ్‌కి వెళ్ళండి, కొర్రలు నానబెట్టండి, ధ్యానం చేయండి, పెళ్ళాం బిడ్డలతో ‘క్వాలిటీ టైం’ గడపండి.

ఏమన్నా అంటే క్లయింటు పేరు చెబుతారు. మన రాత్రి తొమ్మిదింటి కాల్‌కి న్యూజెర్సీలో పగలు పదిన్నరో పదకొండున్నరో. అవతల కూర్చున్నది ఏ తెల్లదొరో కానక్కర్లేదు, చాలాసార్లు మన తెనాలి అబ్బాయే. ఒకప్పుడు ఇదే మాదాపూర్‌లో ఇదే కర్రీ పాయింట్ కూరలు తిని పొట్ట పెంచినవాడే. ఇప్పుడు తెల్లారి పార్కులో మూడు మైళ్ళు పరుగెత్తి, స్నానం చేసి, డబ్బాలో సలాడ్ పెట్టుకుని వచ్చి కూర్చున్నాడు. అక్కడా స్వర్గమేం కాదుగానీ, సాయంత్రం ఆరింటికల్లా కూతురి సాకర్ ప్రాక్టీసుకి వెళ్ళిపోతాడు. మొన్న మన వెల్‌నెస్ బృందం అతన్నే ముఖ్య అతిథిగా పిలిచింది. తనకి మోటివేషన్ ఎక్కణ్ణుంచి వచ్చిందో వివరిస్తాడట. మన టైము ప్రకారం రాత్రి తొమ్మిదిన్నరకి. హాజరు తప్పనిసరి.